నీళ్లు తప్ప అన్నీ ఉన్న రేవు

మా హిందూపురం నుంచి తూర్పు సముద్రం ఎంత దూరమో పడమటి సముద్రమూ ఇంచుమించు అంతే దూరం. నలభై ఏళ్లు ఈ సంగతి నాకు తెలియదు, తెలియనందువల్ల నష్టమూ రాలేదు. మా రంగనాథ బావ పడవ కట్టాకనే అది మా ఇంటి సమస్య అయి కూర్చుంది.

బావ అంటే మా పద్మక్క భర్త. బెంగుళూరులో ఒక యంత్రాల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. స్వచ్ఛందంగా ఉద్యోగం మానుకోమని కంపెనీ వాళ్లు బలవంతం చేస్తే, స్వచ్ఛందంగానే మానుకుని హిందూపురం వచ్చేశాడు. వస్తూ వస్తూ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల వాడి దగ్గర ఒక విదేశీ పడవల పత్రిక కొన్నాడు. జీపు వెనక తగిలించుకుని ఏ తీరానికైనా లాక్కుపోగల చిన్న తెరచాప పడవను ఇంటి దగ్గరే ఎలా చేసుకోవాలో అందులో బొమ్మలతో సహా ఉంది. నా చింతపండు గోడౌన్‌లో సగం ఖాళీగా ఉంది. ఆ రెండూ కలవడమే మా ఖర్మ.

ప్లైవుడ్డు పడవ పూర్తయింది. దాని కింద చక్రాల బండి ట్రాక్టర్ల వర్క్‌షాపులో తయారైంది. నీళ్ల దగ్గర జీపు విప్పేశాక చేత్తో తోసుకోవడానికి బండికి ముందు వైపు కూడా ఒక చిన్న చక్రం పెట్టించాడు బావ. ఇక మిగిలింది ఏ తీరానికి పోవాలన్నదే. అక్కడ ఆగిపోయాడు. పడవ కట్టడానికి పట్టినంత కాలం సముద్రాన్ని ఎంచుకోవడానికీ పట్టింది. కార్వార్ మంచిదే, కానీ వానాకాలం పడమటి సముద్రం పొంగుతుంది. నెల్లూరు వైపు మంచిదే, కానీ తీరం గీత గీసినట్టుంటుంది, అలలు నేరుగా వచ్చి కొడతాయి. పులికాట్ సరస్సు లోతు తక్కువ. కాకినాడ దగ్గర అలలు తగలని మరుగు ఉంది, కానీ దూరం. రోజూ సాయంత్రం దేశపటం పరిచి ఈ చివర నుంచి ఆ చివర దాకా వేలు పెట్టి వచ్చేవాడు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, తెరచాప ఇంకా నేత దగ్గరే ఉంది.

చివరికి పద్మక్క తీర్పు చెప్పింది.

"ఈ ఆషాఢం దాటేలోగా మిమ్మల్ని కూచోబెట్టుకోని అది గాలికి కదలాల. కదల్లేదనుకో, శ్రావణం మొదటి శుక్రారం నుంచి మన ఎనుములకు కుడితి తొట్టి."

"పడవను తొట్టి చేస్తావా?" అన్నాడు బావ.

"పడవకు నీళ్లు బయటుంటాయి, తొట్టికి లోపలుంటాయి. అంతే కదా తేడా," అంది అక్క.

అలా బయలుదేరాం, ముగ్గురం. తెరచాప ధర్మవరంలో తీసుకోవాలి. అక్కడి నుంచి కదిరి మీదుగా తూర్పుకో, బళ్లారి మీదుగా పడమరకో దారి చీలుతుంది. ఆ లోపల బావ ఒక సముద్రం పేరు చెప్పాలి. అక్క ఎందుకు వచ్చిందంటే, ఆషాఢంలో ధర్మవరం పట్టుచీరలు తగ్గింపు ధరకు ఇస్తారు.

సోమందేపల్లిలో తుపాను

జీపు నాది, నడిపింది నేను. వెనక పడవ, పడవలో పడుకోబెట్టిన తెరచాప కొయ్య. అది వెనక్కి రెండు బారలు పొడుచుకొచ్చి ఉంటే నా ఎర్ర తువ్వాలు కట్టాను. గోడౌన్‌లో ఇన్నాళ్లు ఉన్నందుకు పడవంతా చింతపండు వాసన. ఎండ ఎక్కేకొద్దీ వెనక వచ్చే స్కూటర్ల వాళ్లకు నోరూరి ఉంటుంది.

సోమందేపల్లిలో ఉగ్గాని, బజ్జీ తిందామని ఆగాం. ప్లేటు ఎనిమిది రూపాయలు, మిరపకాయ బజ్జీ మాత్రం మా ఊరి దానికంటే నిజాయితీగా ఉంది. మేం రెండో బజ్జీ కొరికేలోగా జనం పోగయ్యారు.

"ఏమప్పా, ఇది ఏ పార్టీ గుర్తు?" అన్నాడొకాయన.

పార్టీ కాదని చెప్పాను. అయితే గవర్నమెంటు పంపిందని ఇంకొకాయన తేల్చాడు. గవర్నమెంటు పడవ పంపిందంటే వాళ్లకేదో తెలిసి ఉండాలి. తెలిసిందంటే తుపానే. ఈ మాట హోటలు ముందు పుట్టి, బస్టాండు దాకా పోయి, మేం టీ తాగేసరికి పెద్దదై తిరిగొచ్చింది. ఆ ఏడు వాన చుక్క లేదు, విత్తనం చెనిక్కాయలు అందరి ఇళ్లల్లో సంచుల్లోనే ఉన్నాయి.

తెల్లపంచె కట్టుకున్న ఒక పెద్దాయన నేరుగా బావ దగ్గరికి వచ్చాడు. "సారూ, ఇత్తనం ఏస్కోవచ్చునా?"

రెండు సముద్రాల్లో ఒకదాన్ని ఎంచుకోలేని మా బావను అడగవలసిన ప్రశ్న కాదది. బావ గంభీరంగా ఆకాశం చూసి, "తూర్పు నుంచి అయితే ఒక లెక్క, పడమటి నుంచి అయితే ఒక లెక్క," అన్నాడు. పెద్దాయన అది సరే అన్నట్టే తీసుకున్నాడు. విత్తనం వేయడానికి ఇంటి వైపు సైకిలు తిప్పాడు. నేను టీ గ్లాసు వదిలి వెంట పరిగెత్తాను.

"అప్పా, ఆగప్పా! అది గవర్నమెంటుది కాదు, మా బావది!"

"మీ బావదైతే ఏమి, గవర్నమెంటుదైతే ఏమి? పడవ పడవే కదప్పా," అన్నాడాయన.

వాన పడేదాకా ఆగమని బతిమాలి ఒప్పించి పంపాను. టీ డబ్బులు హోటలామె తీసుకోలేదు. "దుడ్లు వద్దులేప్పా, వాన పడనీ చాలు," అంది. ఊరికే తాగిన టీ అంత బరువుగా ఎప్పుడూ అనిపించలేదు.

పెనుకొండలో పంక్చరు

పెనుకొండ కొండ కనబడుతుండగా బండి చక్రం ఒకటి పంక్చరయింది. పంక్చరు అంగడి బల్ల మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. పేరు జీవరత్నం, కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడట. చేతిలో గొడుగు. ఆ ఎండలో అది ఎందుకో అనుకున్నాను, ఆయన మా పడవను చూసి సరిగ్గా అదే అనుకుని ఉంటాడు.

లేచి వచ్చి గొడుగుతోనే పడవ పొడుగు, వెడల్పు కొలిచాడు. లోపలికి తొంగి చూశాడు.

"దీంట్లో ఎన్ని జతలు పడతాయి?"

"జతలేంటి సార్?"

"బైబిల్లో జలప్రళయం వచ్చినప్పుడు నోవహు ఓడలో అన్ని జీవాలూ జత జతగా ఎక్కినాయి కదప్పా. దీంట్లో ఒక జత మేకలు కూడా సరిగ్గా పడుకోలేవు."

"మేకల్ని ఎక్కించం. సముద్రానికి పోతాండాం. ఏ సముద్రమో ఇంకా తేల్లేదు," అన్నాన్నేను.

బావకు ఊపొచ్చింది. పత్రిక తీసి, చిన్న పడవకు మంచి రేవు ఎలా ఉండాలో ఆయనకు చదివి వినిపించాడు. బండి దిగడానికి మెత్తని వాలు ఉండాలి. ఎటు గాలి వచ్చినా దగ్గర్లో ఒక మరుగు ఉండాలి. అడుగున రాళ్లు ఉండకూడదు, నేల తగిలినా పడవకు చిల్లు పడకూడదు. కేకేస్తే వినపడేంత దూరంలో మనుషులు ఉండాలి. ఇవన్నీ ఒకచోట దొరకడమే కష్టమని వాపోయాడు.

జీవరత్నం గారు ఓపికగా అంతా విన్నారు. "నేను మద్రాసులో సముద్రం చూసినా. అన్ని నీళ్లుండి ఒక చెంబెడు తాగను పనికిరావు. అట్లాంటి దాని కోసరం ఇంత దూరం పోతారా?" అని, మళ్లీ పడవ వైపు చూస్తూ అన్నారు. "నోవహును చూసి కూడా ఊరోళ్లు నవ్వే ఉంటారు. కానీ ఆయన ఏ సముద్రానికి పోవల్లని ఎవుర్నీ అడగలేదు. ఓడ కట్టి కూచున్న్యాడు. నీళ్లే ఆయన దగ్గరికొచ్చినాయి."

బావ నవ్వి ఊరుకున్నాడు. అక్క మాత్రం నవ్వలేదు, ఆ పెద్దాయన మొహంలోకి చూస్తూ ఉండిపోయింది.

అక్కడే మెస్సులో రాగి ముద్ద, పప్పు తిన్నాం. మా ఊళ్లో ముద్ద అడిగితే పిడికిలంత పెడతారు, ఇక్కడ బోర్లించిన చెంబంత పెట్టారు. అక్క తినలేక సగం నాకు తోసేసింది. తింటూ, "నెల్లూరు పక్క మనకు పప్పన్నం దొరుకుతాదా? అంతా చేపలే అంట కదా," అంది. ఉడిపి పక్క దొరుకుతుందని నేనన్నాను. బావ దాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నాడు. పడమటి సముద్రానికి ఒక మార్కు పెరిగింది.

ధర్మవరం: అంచు లేని గుడ్డ

చెన్నేకొత్తపల్లి దాటాక గాలి మొదలైంది. రామగిరి గుట్టల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. ఆషాఢం గాలికి జీపు ఒకటే ఊగుతోంది, వెనక పడవ ఊగుతోంది, మధ్యలో అక్క విసుక్కుంటోంది.

ధర్మవరంలో వీధిలోకి తిరగగానే రెండు వైపులా మగ్గాల చప్పుడు. మా ఊళ్లో ఉదయం లేవగానే వినబడేది మిరపకాయల లారీల హారన్లు. ఇక్కడ మాటలన్నీ మగ్గం చప్పుడు మీదుగా గట్టిగానే మాట్లాడతారు, అందుకని ఊరంతా పోట్లాడుకుంటున్నట్టుంటుంది. నారాయణప్ప అనే నేతగాడికి బావ తెరచాప గుడ్డ పురమాయించాడు. తెల్లటి గట్టి నూలు, సాదా నేత. ముక్కలు కలిపి కుట్టించే బాధ్యత కూడా ఆయనదే.

నారాయణప్ప తెరచాప తెచ్చి పరిచాడు. మేం ముగ్గురం నోరు తెరిచాం.

తెల్లటి మూడు మూలల గుడ్డ. దాని చుట్టూ జానెడు వెడల్పున మామిడిపిందెల జరీ అంచు. కింద వైపు పొడుగునా ఎర్రటి కొంగు, కొంగు మీద రెండు నెమళ్లు ఎదురెదురుగా.

"సాదా గుడ్డ అడిగినా కదప్పా!" అన్నాడు బావ.

"అడిగినారు, నేన్లేదనలే," అన్నాడు నారాయణప్ప. "అంచు లేని తెల్ల గుడ్డ, ఇంత పొడుగు, ఇంతవరకు మా ఇంట్లో ఒక్కదానికే ఇచ్చినాం. మనిషి పోయినాక కప్పేదానికి. మీరు చూస్తే బతికుండారు. నీళ్ల మిందికి పోతామంటారు. ఆ గుడ్డ కింద కూచోబెట్టి మిమ్మల్ని ఎట్ల పంపీల్ల? నాకు మనసొప్పలే. అంచుకు నేనేం ఎక్కువ అడగను."

బావకు కోపం రావలసింది, రాలేదు. నెమళ్లను వేలితో తడిమాడు. అక్క లేచి బయటి అరుగు మీదికి పోయింది. కాసేపటికి నేనూ వెళ్లాను. కళ్లు తుడుచుకుంటోంది.

"ఏమైందక్కా?"

"నాకు బయ్యంరా శీనా. ఆ మనిషికి ఈత రాదు. నీకూ తెలుసు, నాకూ తెలుసు, ఎవురమూ అనం. ఫ్యాక్టరీ నుంచి వచ్చినాక ఆయన మొగంలో కళ వచ్చింది ఈ పడవతోనే. వద్దంటే అది పోతాది. పొమ్మంటే ఆయనే పోతాడేమో. అందుకే కుడితి తొట్టి అన్న్యా. ఆయన ఎట్లాగూ సముద్రం తేల్చలేడు, గడువు దాటిపోతాది, పాపం నా మింద పడకుండా తొట్టి అయిపోతాది అనుకున్న్యా. ఇప్పుడు చూడు, చాప కూడా వచ్చేసింది."

మా అక్క ఇంత దూరం వచ్చింది తగ్గింపు చీర కోసం కాదని ఆ అరుగు మీద తెలిసింది. అయితే చీర కొనకుండా మాత్రం ఉండలేదు. కొంటూ కొంటూ, "పడవకు జానెడు అంచు, నాకు నాలుగు వేళ్ల అంచా?" అని నారాయణప్పతో గంటసేపు బేరమాడింది.

రేవు దొరికింది

తెరచాప కొయ్యకు సరిపోతుందో లేదో చూడాలన్నాడు బావ. వీధిలో కరెంటు తీగలు. ఎక్కడైనా విశాలమైన చోటు కావాలంటే నారాయణప్ప చెరువు చూపించాడు.

ధర్మవరం చెరువు పెద్దది. కట్ట మీద నిలబడితే అవతలి ఒడ్డు సన్నగా కనబడుతుంది. ఆ మధ్యలో నీళ్లు తప్ప అన్నీ ఉన్నాయి. మేకలు ఉన్నాయి, మేకల కాపరి ఉన్నాడు, పిడకలు ఉన్నాయి. అవతల ఒడ్డున కంపచెట్లు దట్టంగా ఉన్నాయి. నేల గట్టిపడి, చదును చేసినట్టుంది.

బావ కట్ట దిగి లోపలికి నడిచాడు. వంగి మన్ను పట్టుకున్నాడు. గాలికి ఎదురుగా నిలబడ్డాడు. తర్వాత మా వైపు తిరిగి చేతులు ఊపుతూ కేకేశాడు.

"శీనా! మెత్తని వాలు ఉండాది! కట్ట మరుగుంది! రాయనేది లేదు! మనుషులు ఈడనే ఉండారు! అన్నీ కుదిరినాయప్పా!"

"నీళ్లు, బావా?"

బావ పత్రిక తీసి ఆ పేజీ మళ్లీ చదివాడు. నీళ్లు ఉండాలని అందులో ఎక్కడా లేదు. రాసినవాళ్ల దేశంలో అది చెప్పవలసిన పని లేదు. మా జిల్లాలో మొట్టమొదట రాయవలసిన షరతే అది. ఇన్నాళ్లు దేశపటం మీద వెతికిన రేవు దొరికిన మనిషి లాగే ఉంది బావ మొహం.

జీపుతో పడవను లోపలికి దించి, విప్పి, చక్రాల కింద రాళ్లు పెట్టాను. పొద్దున హిందూపురంలో కట్టుకున్న ఓళిగలు, అదే బొబ్బట్లు, ఇంకా మిగిలి ఉన్నాయి. కింద గండుచీమలని అక్క క్యారియరు తీసుకుని పడవెక్కి కూర్చుంది. బావ కూడా ఎక్కి, కొయ్య నిలబెట్టి తెరచాప పైకి లాగాడు. ఎండిన చెరువు నడుమ రెండు నెమళ్లు రెపరెపలాడుతూ పైకి లేచాయి. కాపరి మేకల్ని వదిలేసి నిలబడిపోయాడు.

"చాప లేపినాక కట్లు విప్పాలని పత్రికలో ఉండాది. మనకు కట్లు లేవు. రాళ్లు తియ్యి," అన్నాడు బావ.

అంత బరువు ఎక్కడ కదులుతుందిలే అనుకుని తీసేశాను.

ఆషాఢం గాలికి నా అభిప్రాయంతో పని లేదు. తెరచాప ఒక్కసారి టప్పుమని నిండింది. పడవ ముందు మెల్లగా, తర్వాత నడకగా, తర్వాత నేను పరిగెత్తినా అందనంతగా పోయింది. రెండు చేతుల్లో రెండు రాళ్లతో నేను వెంటపడ్డాను. ఎందుకు పారేయలేదో తెలియదు. ముందు మేకలు రెండుగా చీలి దారిచ్చాయి. కాపరి పంచె ఎగగట్టి నాతోపాటు పరిగెత్తాడు. పడవలో వెనక వైపు బావ నిలబడి చుక్కానిని కుడికి తిప్పుతున్నాడు, ఎడమకు తిప్పుతున్నాడు. అది గాల్లో తిరుగుతోంది, పడవ తిన్నగా పోతోంది. అక్క కేకలు వినబడుతున్నాయి. ఇంకొంచెం దగ్గరికి పోయాక తెలిసింది, అవి కేకలు కావు. మా అక్క క్యారియరు ఒళ్లో పెట్టుకుని పడీ పడీ నవ్వుతోంది. పెళ్లయిన కొత్తలో విన్న నవ్వు అది.

పడవ చెరువు ఆ చివర కంపచెట్లలో దూరి ఆగింది. నేను వగరుస్తూ చేరేసరికి బావ చొక్కా చేతుల దాకా చిరిగి ఉంది. మొహం వెలిగిపోతోంది.

"ఎడమకు తిప్పితే ఎడమకు పోవాల కదప్పా," అన్నాడు, అదొక్కటే లోటన్నట్టు.

కాపరి ముళ్లు తొక్కుకుంటూ వచ్చి, "మల్లెప్పుడు తోల్తారప్పా? నేనూ ఎక్కుతా," అన్నాడు.

అక్క కొంగు సర్దుకుని దిగింది. "ఆషాఢం దాటకముందే గాలికి కదిలింది. మిమ్మల్ని కూచోబెట్టుకునే కదిలింది. నీళ్ల మాట నేనూ అన్లేదు. ఇంక తొట్టి లేదు," అంది.

"అయితే ఇప్పుడు తూర్పా, పడమరా?" అన్నాడు బావ.

"ఏదీ వద్దు. ఆ పెనుకొండ పెద్దాయన చెప్పలేదా, నీళ్లే వచ్చినాయని? మనమూ కాచుకుందాం."

బావ ఒప్పుకున్నాడు. ఎంచుకోవలసిన అవసరం తప్పినందుకు ఆయన ఎంత తేలికపడ్డాడో చెప్పలేను. పడవను నారాయణప్ప ఇంటి వెనక రేకుల కింద పెట్టి, మేం ముగ్గురం ఖాళీ జీపులో తిరిగొచ్చేశాం. ముళ్లు తీసుకోవడానికి నాకు వారం పట్టింది.

నీళ్లొచ్చాక

ఈ యాత్ర ఇక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. కొన్నేళ్లకు ఒక వానాకాలం ఊళ్లు మునిగేలా వానలు పడ్డాయి. నారాయణప్ప ఫోన్ చేశాడు. "చెరువు నిండి మరువ మింద నీళ్లు పొర్లి పోతాండాయి. యాడుండారప్పా మీరు?"

మళ్లీ అదే కట్ట. అవతలి ఒడ్డు దాకా నీళ్లే, సగం ఊరు చూడ్డానికి వచ్చి నిలబడింది. మేం పడవను కట్ట ఏటవాలు మీదికి, నీళ్ల అంచు దాకా తెచ్చి, చక్రాల కింద రాళ్లు పెట్టాం. బావ నీళ్ల అంచున చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత పత్రిక తీశాడు.

"ఆ మెత్తని వాలు మునిగిపోయింది శీనా. కంపచెట్లు నీళ్ల కింద ఉండాయి, తగిల్తే పడవకు చిల్లు. ఇది కుదరదు. కాకినాడే మేలేమో. కార్వార్ కూడా..."

నేను అక్క కోసం చూశాను. పల్లెల్లో పిల్లలు బావుల్లో ఈత నేర్చుకునేటప్పుడు వీపుకు కట్టుకునే బెండ్లు రెండు హిందూపురం నుంచే తెచ్చుకున్నట్టుంది. ఒకటి వీపుకు కట్టుకుని అప్పుడే పడవలో కూర్చుని ఉంది, ఒళ్లో క్యారియరు, పక్కన నీళ్లు తోడే చెంబు. రెండో బెండు బావ వైపు చాచి పట్టుకుంది.

"వచ్చి కట్టించుకోండి," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "రాళ్లు తియ్యిరా శీనా."

బావ పత్రిక నా చేతిలో పెట్టి, పడవెక్కి, చిన్నపిల్లాడిలా రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. అక్క ముడి గట్టిగా బిగించేదాకా ఆగి, నేను రాళ్లు తీసేశాను.